పక్కకి చూడని మనుషులు

ముందే ఒప్పేసుకుంటాను. పేకాటలో నేను గెలిచిన దాఖలాల్లేవు. లెక్క రాక కాదు. చేతిలో ముక్క మీద బొమ్మ నచ్చిందంటే దాన్ని పారేయలేను. ఆట మొత్తం పోయినా సరే, ఆ రాణిగారిని గుండెలకి హత్తుకుని కూర్చుంటాను. మా ఇంట్లో నన్ను జతగా ఎవరూ తీసుకోరు. ఈ జబ్బు నా ఒక్కదానికే ఉందనుకునేదాన్ని, లేయరమ్మ ఆఫీసులో జరిగింది వినేదాకా.

లేయరమ్మ అనేది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. సైకిళ్ళ షాపు పై అంతస్తులో చిన్న ఆటల కంపెనీ ఒకటుంది. అందులో బొమ్మలు వేసే అమ్మాయి తను. కాగితం మీద కాదు, టాబ్లెట్ మీద. ఒక మనిషిని వేయాలంటే తలపాగా ఒక లేయరు, ముఖం ఒక లేయరు, చేతులు ఇంకోటి, చేతిలో కుండ మరోటి. గాజుపలకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రతిదానికీ పేరు పెడుతుంది. "కుండ", "కుండ నీడ", "కుండ నీడలో తడి". ఎవరైనా నవ్వితే, "రేపు ఏదైనా మార్చమంటే మీరు మారుస్తారా?" అంటుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆఫీసు మధ్యలో పెద్ద బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. ఆట ఆడి చూడ్డానికి బయటినుంచి పిలిచినవాళ్ళు. ఒక నర్సు, ఒక స్కూలు బస్సు డ్రైవరు, కాలేజీలో చదివే అక్కాచెల్లెళ్ళిద్దరు. ఆట పేరు "ముట్టడి". ఏదో పాతకాలపు కోట. చుట్టూ శత్రువులు. చేతిలో ఎన్ని ముక్కలుంటే కోటలో అంతమంది మనుషులున్నట్టు. ప్రతి చుట్టుకీ తిండి తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా ఒకరిని కోట తలుపు తీసి బయటికి పంపాలి, అంటే ముక్కని బల్ల మీద బోర్లా పెట్టాలి. చివరికి లోపల మిగిలినవాళ్ళ పాయింట్లు కూడి చూస్తారు. రాజుకి పది. సేనాపతికి ఎనిమిది. నీళ్ళు మోసే ఆమెకి ఒకటి.

రూల్సు రాసిన లెక్కలన్న మూల కుర్చీలో కూర్చుని ఎవరు ఎవర్ని పంపుతున్నారో టిక్కులు పెట్టుకుంటున్నాడు. మూడో చుట్టు అయ్యేసరికి పెన్ను నోట్లో పెట్టుకుని కొరకడం మొదలుపెట్టాడు.

"అదేంటండీ, నీళ్ళామె ఒక్క పాయింటేగా, పంపేయొచ్చుగా?" అన్నాడు ఉండబట్టలేక.

"ఎలా పంపుతాం సర్?" అన్నాడు డ్రైవరు. ముక్కని కాస్త దూరంగా పట్టుకుని చూశాడు. "నా వైపే చూస్తోంది."

"అందరూ ఎవరో ఒకరి వైపు చూస్తారండీ."

"వీళ్ళు చూడట్లేదే," అంది నర్సు, తన చేతిలో సైనికులని విసనకర్రలా విప్పి. "అందరూ ఎటో చూస్తున్నారు. బస్సు కోసం నిలబడ్డట్టు." వాళ్ళలోంచి ఒకణ్ణి తీసి బోర్లా పెట్టింది. తర్వాతి చుట్టులో సేనాపతిని పెట్టింది. ఆ తర్వాత, ఏమాత్రం బాధ లేకుండా, రాజుని.

గోడకి ఆనుకుని నిలబడ్డ కంపెనీ యజమాని టీ కప్పు దించాడు. ఆయన్ని ఆఫీసులో చాటుగా మహారాజు అంటారు. మోడల్ కోసం వెతుక్కునే ఓపిక లేక, లేయరమ్మ రాజు ముక్కకి ఆయన ముఖమే పెట్టింది మరి. ఆయన వద్దనలేదు. ఇంకాస్త మీసం వేయమన్నాడు.

"రాజు మీవైపే చూస్తున్నాడు కదండీ?" అన్నాడాయన.

నర్సు ముక్క తిప్పి మళ్ళీ చూసింది. "చూస్తున్నాడు. కానీ అద్దంలో తనని తాను చూసుకుంటున్నట్టుంది సర్."

అక్కాచెల్లెళ్ళు పక్కున నవ్వారు. లేయరమ్మ నవ్వలేదు. ఆ బల్ల మీద జనం వదలకుండా పట్టుకున్న ముక్కలు పన్నెండు. పనివాళ్ళ ముక్కలు. నీళ్ళామె, చాకలి, గుర్రాలవాడు, దీపాలు వెలిగించే ముసలాయన, బావి తవ్వేవాళ్ళు. ఆ పన్నెండూ తను వేసినవి కావు. వాళ్ళ పిన్ని వేసింది.

పని ఎక్కువైందని పిన్నిని తీసుకొచ్చింది తనే. స్కూలు పుస్తకాలకి ఏళ్ళ తరబడి బొమ్మలు వేసిన చెయ్యి, కాగితం మీద వేసిస్తే తను స్కాన్ చేసి రంగులేసుకుంటుంది. ఆ కాగితాలు వచ్చినప్పుడే లేయరమ్మ చూసింది, ఇవి స్టైలుకి దూరంగా ఉన్నాయని. ఆమె సీటు వెనక గోడకి స్టైల్ షీటు అతికించి ఉంది. స్వయంగా తను టైపు చేసిందే. గీత మందం అన్నిచోట్లా ఒకటే. వెలుగు ఎడమ నుంచి. రంగులు ఐదే. పాలకులు ఎదురుగా చూస్తారు, మిగతావాళ్ళు పక్కకి. పెద్ద ముక్క చేతిలో చటుక్కున తెలియడానికి ఆ చివరిది పెట్టింది. పిన్ని మనుషులు మాత్రం ఒక్కరు కూడా పక్కకి తిరగలేదు. "పిన్నికి ఏం చెప్తాంలే" అనుకుని వదిలేసింది.

ఆడినవాళ్ళు వెళ్ళిపోయాక లెక్కలన్న టిక్కుల కాగితం బల్ల మీద పరిచాడు. "చూడండి. ఒక్క పాయింటు ముక్కలన్నీ చివరిదాకా ఉన్నాయి. పది పాయింట్లాయన సగం ఆటకే వీధిలో ఉన్నాడు. చరిత్రలో ఎక్కడైనా ఇలా జరిగిందా? తిండి తగ్గితే ముందు పంపేది వీళ్ళనే. ఆట దాని మీదే నిలబడుంది."

"నన్ను బయటికి పంపుతారా!" అన్నాడు మహారాజు. ఆయనకింకా ఆ సంగతే మింగుడుపడలేదు.

"బొమ్మల వల్లే సర్. స్టైలు రెండు రకాలుగా ఉంది. కన్ను వీళ్ళ మీదకే పోతోంది."

మహారాజు లేయరమ్మ వైపు తిరిగాడు. "శుక్రవారం ఇదే నలుగురితో మళ్ళీ ఆడించి, శనివారం ఫైలు ప్రెస్సుకి పంపాలమ్మా. ఆ పన్నెండూ నీ స్టైల్లో మళ్ళీ వేసెయ్. నీకెంతసేపు?"

"వేయడానికేముంది సర్. పిన్నికి..."

"మేడమ్‌గారికి నువ్వే చెప్పు. నువ్వైతే ఇంటిమనిషివి. ఏమనుకోరు."

"మరి పెట్టె మీద పిన్ని పేరు?"

ఆయన చేతులు కాస్త పైకెత్తి, "బొమ్మలే లేకపోతే పేరెలా వేస్తాం తల్లీ," అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తోచక అన్నట్టు.

లేయరమ్మ సీటుకొచ్చి నీళ్ళామెని పక్కకి తిప్పి వేసింది. నుదుటి నుంచి ముక్కు, ముక్కు నుంచి పెదవి, గడ్డం, ఒకే గీత. పెన్ను వణికినా సరిచేసే సెట్టింగు టాబ్లెట్‌లో ఉంటుంది, గీత నూనె రాసినట్టు జారింది. పది నిమిషాల్లో అయిపోయింది. తప్పు పట్టడానికేం లేదు. ఆమె కూడా బస్సు కోసం నిలబడింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని కిటికీ పక్క బల్ల దగ్గర బ్లేడుతో పెన్సిలు చెక్కుతోంది. ముందుగదిలో అద్దాల షోకేసు మధ్య అరలో ఉండాల్సిన గాజు బాతులు పక్క అరలో ఇరుక్కుని ఉన్నాయి. మధ్య అర ఖాళీ.

"బాతులకేమైంది పిన్నీ?"

"జరిపాను. మీ ఆటపెట్టె అక్కడ పెడదామని. ఎదురింటావిడకి చెప్పాను, పేరు ఎక్కడ వేస్తారు అని ఒకటే పోరు. కింద వేస్తే తలకిందులుగా పెడతానన్నాను." పెన్సిలు పొట్టు ఊదింది. "ఏమే, ముఖం అలా పెట్టావు? ఏం తగలబెట్టారు?"

లేయరమ్మ చెప్పాల్సింది చెప్పలేకపోయింది. సగం చెప్పింది. ముక్కలు బాగా నచ్చాయని, నచ్చడమే చిక్కయిందని, స్టైలు కలవట్లేదని. "అందుకే... వాళ్ళని పక్కకి చూసేట్టు వేస్తావా?"

పిన్ని పెన్సిలు మొన వేలితో తాకి చూసుకుంది. "వెయ్యను."

"ఎందుకని?"

"ఎదురుగా చూస్తే మనిషే. పక్కకి చూస్తే నాణెం." ఆ మాట అనేసి లేచి టీ పెట్టడానికి వెళ్ళింది.

లేయరమ్మ ఆ మాటని అలాగే మోసుకుంటూ ఆఫీసుకి వెళ్ళింది. మెట్లెక్కుతూ రెండుసార్లు మనసులో అనుకుంది. మహారాజు ముందు నిలబడి అదే గొంతుతో చెప్పింది కూడా.

"మాట బాగుందమ్మా," అన్నాడాయన. "పెట్టె మీద వేసుకోవచ్చు. కానీ స్టైలు?"

"సర్, పిన్నికి అదొక సిద్ధాంతం."

"సిద్ధాంతాలు మనం ప్రింటు చేయట్లేదుగా." కాసేపు పేపరువెయిటు తిప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. "సరే, ఒక పని చేద్దాం. నువ్వొద్దు, మేడమ్‌నే వేయమను. పక్కకి తిరిగిన ముఖాలు, పన్నెండే. ఆవిడే వేస్తే ఆవిడ పేరు నీ పేరు పక్కనే ఉంటుంది. నాకేం అభ్యంతరం?"

ఇంతకంటే ఏం కావాలి? లేయరమ్మ సాయంత్రమే మళ్ళీ పరిగెత్తింది. సిద్ధాంతం సంగతి కాస్త బతిమాలితే సర్దుకుంటుందనుకుంది.

"పిన్నీ, నీ పేరు ఉంటుంది! పన్నెండు ముఖాలే. నాణేలే అనుకో, ఏమవుతుంది? నీకు పావుగంట పని."

పిన్ని షోకేసు వైపు చూసింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మణికట్టు కింద పెట్టుకుంది. ఎడమచేత్తో కుడిచేతిని ముంజేతి దగ్గర పట్టుకుంది. బొమ్మ వేసేముందు పిన్ని ఇలా చేయడం లేయరమ్మ ఎన్నోసార్లు చూసింది. అలవాటనుకుంది.

"చూడు," అంది పిన్ని. "పక్క ముఖం ఒక్క గీతలో రావాలి. నుదురు దగ్గర మొదలెడితే గడ్డం దాకా ఆగకూడదు. మధ్యలో ఆపితే అతుకు తెలిసిపోతుంది. అవునా?"

"అవును."

పెన్సిలు కాగితం మీద పెట్టింది. నుదురు వచ్చింది. కనుబొమ దగ్గర చెయ్యి ఒక్కసారి ఊగింది. ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముక్కు మీదుగా దిగేసరికి గీత అడుగడుక్కీ విరిగింది. పిన్ని పెన్సిలు ఎత్తేసింది.

"ఇదిగో. మెట్లు," అంది. "కోటకి మెట్లు కూడా కావాలిగా. వాడుకోండి."

లేయరమ్మ ఆ కాగితం దగ్గరికి లాక్కుంది. "ఎప్పట్నుంచి పిన్నీ?"

"మీ ఆఫీసుకి రాకముందు నుంచే. చిన్న గీతలైతే వస్తాయి. వడ్లగింజంత గీసి ఎత్తేస్తాను. వణుకు మొదలయ్యేలోపు గీత అయిపోతుంది. ఎదురు ముఖానికి అది సరిపోతుంది. కన్ను, కన్ను కింద ముడత, పెదవి, ఏదీ పొడుగు కాదు. అందుకే అందరినీ మీ వైపు తిప్పాను. తిప్పక చస్తానా?"

"మరి నాణెం మాట?"

"అదా? అది తర్వాత కట్టాను. ఎవరైనా అడుగుతారని." పిన్ని ఓరగా చూసింది. "బాగుందా లేదా?"

"చాలా బాగుంది. మా సర్ పెట్టె మీద వేస్తానన్నారు."

ఇద్దరూ నవ్వారు.

"మీ సర్‌కి చెప్పకు," అంది పిన్ని. "చెయ్యి వణుకుతోందని తెలిస్తే ఇంక పని ఇవ్వరు. పాపం ఆవిడకి బాలేదట అంటారు, పళ్ళు పంపిస్తారు. నీ స్టైల్లో నువ్వే వేసెయ్. బాతుల్ని మళ్ళీ జరుపుకుంటాలే."

లేయరమ్మ లేవలేదు. నీళ్ళామె అసలు కాగితాన్ని ఫైల్లోంచి తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. ఇన్నాళ్ళూ స్క్రీన్ మీద చూసింది కానీ ఇంత దగ్గరగా చూడలేదు. బుగ్గ అనేది ఒక గీత కాదు. పదీ పదిహేను చిన్న గీతలు, ఒకదాని చివర ఇంకోటి అంటీ అంటనట్టు. మధ్య మధ్య ఖాళీలు. ఆ ఖాళీల్లోంచే మనిషి గాలి పీల్చుకుంటున్నట్టుంది. తన రాజు ఎదురుగా చూస్తున్నా ఎందుకు చూడట్లేదో అప్పుడర్థమైంది. వాడి ముఖంలో ఎక్కడా ఖాళీ లేదు.

"పిన్నీ, స్టైలు ఒకటి చేయమన్నారు," అంది నెమ్మదిగా. "ఎవరిది ఎవరిలా చేయాలో మాత్రం..."

"పిచ్చి వేషాలేయకు. మిగతావెన్ని? నలభయ్యా?"

"అందరికీ ముఖాలే కదా మార్చాలి. ఒళ్ళ జోలికి పోను. ముఖం లేయరు విడిగానే ఉంది."

"ఆ లేయర్ల పిచ్చికి మొత్తానికి ఒక దారి దొరికిందన్నమాట," అంది పిన్ని.

బుధవారం పొద్దున్న టాబ్లెట్ పట్టుకుని పిన్ని ఇంటికే వచ్చేసింది. ఒంట్లో బాలేదని ఆఫీసుకి మెసేజ్ పెట్టింది. ముందు గీత సరిచేసే సెట్టింగు తీసేసింది. రాజు ముఖం లేయరు ఆపేసి, ఖాళీ మెడ మీద కొత్త ముఖం మొదలుపెట్టింది. మొదటిది చూసి పిన్ని పెదవి విరిచింది. "ఇది గడ్డం మాసిన ముళ్ళపంది. నీ చెయ్యి ఆగట్లేదు. గీసి ఎత్తు. ఊపిరి వదులు. తర్వాతది ఎక్కడ పెట్టాలో అప్పుడు చూసుకో. ముందే తెలిసినట్టు గీస్తున్నావు నువ్వు."

రెండోది వాంతి చేసుకోబోతున్నట్టుంది. మూడోదానికి ఒక కన్ను కుదిరింది. మధ్యాహ్నానికి లేయరమ్మ భుజం పట్టేసింది. పిన్ని అటువైపు కూర్చుని సైనికులని కాగితం మీద వేస్తోంది, అందర్నీ ఇటు తిప్పి. ఒక్కో ముఖం అయ్యాక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంటుంది. వణుకు తగ్గాక మళ్ళీ తువ్వాలు సర్దుకుంటుంది. మాటల్లేవు. ఎప్పుడైనా "ఈ వర్తకుడికి పన్ను నొప్పి పెట్టనా?" "పెట్టు." "సేనాపతికి నిద్ర లేదు." "సరిపోయింది." అంతే.

గురువారం ఆఫీసు నుంచి ఫోను. లెక్కలన్న. "పన్నెండూ అయ్యాయా?"

"అవుతున్నాయన్నా."

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"అదీ అవుతోంది."

ఫోను పెట్టేశాక పని ముందుకి సాగలేదు. శుక్రవారం బల్ల మీద ఈ ముఖాలు చూసి మహారాజు కాదంటే? అప్పుడు పిన్ని పేరే కాదు, తన పేరూ ఉండదు. పాత ఫైలు ఉంది, పన్నెండు ముఖాలు తిప్పేస్తే ఇంకో రెండు గంటల్లో క్షేమంగా బయటపడొచ్చు. రెండుసార్లు ఆ ఫైలు తెరిచింది. నీళ్ళామె బస్సు కోసం చూస్తోంది. మూసేసింది.

శుక్రవారం అదే నలుగురు, అదే బల్ల. ఈసారి పిన్ని కూడా వచ్చి గోడ పక్కన స్టూలు మీద కూర్చుంది, చేతులు చీరకొంగు కింద పెట్టుకుని. లేయరమ్మ ఎవరికీ ముందు చూపించకుండా ముక్కలు పంచేసింది. లెక్కలన్న కాగితం సర్దుకున్నాడు. మహారాజు వంగి నర్సు చేతిలోకి తొంగి చూశాడు. నోరు తెరిచాడు. కానీ ఆయన చూసింది రాజుని.

"ఇదేంటి, నేను ఇంత అలిసిపోయినట్టున్నాను?" అన్నాడు.

"ముట్టడిలో ఉన్నారుగా సర్," అంది లేయరమ్మ.

ఆయన తన గడ్డం తడుముకున్నాడు.

ఆట మొదలైంది. మొదటి చుట్టుకే నర్సు ఇబ్బందిగా కదిలింది. "ఇప్పుడు అందరూ చూస్తున్నారే!" సైనికుణ్ణి సగం బయటికి లాగి మళ్ళీ లోపల దూర్చింది. చెల్లెలు అక్కని అడిగింది, అక్క తిట్టింది. ఎవరిని తీసినా అంతే బాధ కాబట్టి, చివరికి పాయింట్లు చూసుకోవడం తప్ప దారి లేకపోయింది. ఒకళ్ళు చాకలిని పంపారు, ఒకళ్ళు వర్తకుణ్ణి. నర్సు రాజుని పట్టుకుని చాలాసేపు చూసి, ఉంచేసుకుంది. మూలన లెక్కలన్న పెన్ను కొరకడం మానేసి గబగబా టిక్కులు పెడుతున్నాడు.

డ్రైవరు వంతు వచ్చింది. నీళ్ళామె మీద వేలు పెట్టాడు. పక్క ముక్క మీదకి వెళ్ళాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. అందరూ చూస్తున్నారు. "తప్పట్లేదు," అన్నాడు, ముక్కతోనే. "క్షమించమ్మా." బల్ల మీద బోర్లా పెట్టి, అంచు సరిచేసి, ఒక్క క్షణం అరచెయ్యి దాని మీద ఉంచాడు.

లేయరమ్మ పిన్ని వైపు చూడటానికి భయపడింది. ఇంత చేసి, ఆ నీళ్ళామె పోనే పోయింది.

పిన్ని ఆ బోర్లా పడ్డ ముక్కనే చూస్తోంది. "పోనీలే," అంది మెల్లగా. "చెప్పి పంపాడు."

ఆట అయ్యాక లెక్కలన్న కాగితం ఊపుకుంటూ వచ్చాడు. సరిగ్గా కుదిరిందట. మహారాజు ముక్కలన్నీ బల్ల మీద పరిచి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "అద్గదీ స్టైలంటే! మేడమ్‌గారూ, మీ పన్నెండూ ఎంచక్కా కలిసిపోయాయి. ఇందులో మీవేవో నేను చెప్పలేను."

"నేనూ చెప్పలేను," అంది పిన్ని. అది చాలావరకు నిజం.

పెట్టె అడుగున ఇద్దరి పేర్లూ ఒకే వరసలో వచ్చాయి. పిన్ని ఇంట్లో పెట్టె తలకిందులుగానే ఉంది. బాతులు పక్క అరలో ఇప్పటికీ కిక్కిరిసి ఉన్నాయి. ఆఫీసు గోడ మీద పాత షీటు తీసేసి లేయరమ్మ కొత్తది అతికించింది. అందులో మొదటి వాక్యం: ఏ గీతా వడ్లగింజ కంటే పొడవుండకూడదు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మహారాజు దాని ముందు నిలబెట్టి, అది మా కంపెనీ స్టైలు అని చెప్తాడు. ఎందుకలా అని అడిగితే మాత్రం, గొంతు సవరించుకుని, ఎదురుగా చూస్తే మనిషి, పక్కకి చూస్తే నాణెం అంటాడు. లేయరమ్మా పిన్నీ తలలు దించుకుని పని చూసుకుంటారు.

నేనూ ఆ ఆట కొనుక్కున్నాను. షరా మామూలే, ఓడిపోయాను. దీపాలు వెలిగించే ముసలాయన ఒకటే పాయింటు, నా వల్ల కాలేదు. మీరు చెప్పండి. మీ చేతిలో ఎప్పుడైనా అలాంటి ముక్క పడిందా, ఆట పోతుందని తెలిసినా వదల్లేనిది? చివరికి ఉంచుకున్నారా, చెప్పి పంపారా? తీరిక చేసుకుని నాకు రాయండి. ఓడిపోయిన కథలైతే ఇంకా మంచిది.